సద్దులు ఐదు, చేతులు రెండు

వరంగల్ ప్రాంతం నుంచి ఒక సోదరి, తన పేరు వేయవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె వయసు 36 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఇంట్లో భర్త, ఏడేళ్ల కూతురు, అత్తమ్మ, మామయ్య ఉంటారు. ఏటా సద్దుల బతుకమ్మకూ దసరాకూ హైదరాబాద్ నుంచి మరిది కుటుంబం, బెంగళూరు నుంచి ఆడబిడ్డ కుటుంబం, ఊరి నుంచి అత్తమ్మ అక్కగారు, ఆవిడ భర్త వస్తారు. అందరూ కలిస్తే పద్నాలుగు మంది. మూడేళ్ల క్రితం వరకూ వంటంతా అత్తమ్మే చూసుకునేవారు. మోకాళ్ల నొప్పులు ముదిరి ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోవడంతో ఆ పని ఈమె మీద పడింది. జాబితా మాత్రం తగ్గలేదు. సద్దుల నాడు ఐదు రకాల అన్నాలు, మలీద, గారెలు. దసరా నాడు బగారా అన్నం, మటన్, కోడికూర, మళ్లీ గారెలు, పాయసం. మామయ్యకు షుగర్ ఉంది. పిల్లలు కారం తినరు. ఆడబిడ్డ చిన్న కొడుక్కు పల్లీలు పడవు. ఒకసారి పొరపాటున తిని, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక ఆసుపత్రి పాలయ్యాడు. యారాలు, అంటే మరిది భార్య, "ఇంతమందికి వండడం నాకు రాదక్కా" అని చెప్పి ముందుగదిలోనే ఉండిపోతుంది.

నిరుడు సద్దుల నాడు గారెల వాయి దించి, చీర మార్చుకుని, పులిహోర డబ్బా చేత పట్టుకుని ఆమె చెరువు గట్టుకు చేరేసరికి బతుకమ్మలన్నీ నీళ్లలోకి వెళ్లిపోయాయట. మర్నాడు అత్తమ్మ పక్కింటావిడతో "నా చేతులు ఆడినన్నాళ్లూ మా ఇంట్లో తొమ్మిది రకాలకు తక్కువ చేయలేదు" అనడం విని ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. "సులువుగా అయ్యేవి, పిల్లలూ పెద్దలూ అందరూ తినగలిగేవి ఏం చేయాలి? తగ్గిస్తానని అత్తమ్మకు ఎలా చెప్పాలి?" అన్నవి ఆమె ప్రశ్నలు.

సోదరీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వంటకాలు అడిగారు, అవి తప్పకుండా చెబుతాను. కానీ ఎన్ని సులువైన వంటకాలు చెప్పినా, అవన్నీ ఒకే రోజున మీ ఒక్కరి చేతి మీదే పడితే ఈ ఏడు కూడా మీరు గట్టుకు ఆలస్యంగానే వెళతారు. అందుకని వంట సంగతీ, పని పంచుకునే సంగతీ కలిపే మాట్లాడుకుందాం.

ముందుగా అత్తమ్మ మాట. ఆమె "మా కోడలు చేయడం లేదు" అనలేదు. "నా చేతులు ఆడినన్నాళ్లూ" అన్నారు. ఆ వాక్యం తన చేతుల గురించి, తనవల్ల కాకుండా పోయిన పని గురించి. మీకు బాధ కలగడం సహజమే, అది పక్కింటావిడ ముందు అనకుండా ఉంటే బాగుండేది కూడా. అయినా దాన్ని మీ మీద వేసిన నిందగా కాక, వంటింట్లో తన చోటు పోయిందని ఒక పెద్దావిడ పడుతున్న దిగులుగా చదివి చూడండి. అలా చదివితే ఆమెతో మాట్లాడవలసిన తీరు మారిపోతుంది. వంటకాలు తగ్గిద్దామని అడగడానికి బదులు, ఆ వంటలో ఆమెకు మళ్లీ చోటు కల్పించడం గురించి మాట్లాడవచ్చు.

బతుకమ్మ పండుగ తిండి తీరు చూస్తే మీ వాదనకు పండుగే సాక్ష్యం చెబుతుంది. తొమ్మిది రోజుల నైవేద్యాలను గుర్తు చేసుకోండి. ఎంగిలిపూల నాడు నువ్వులూ బియ్యప్పిండీ, రెండో నాడు అటుకులు, మూడో నాడు ముద్దపప్పు. నానబియ్యం నాడు బియ్యం నానబెట్టి పాలూ బెల్లమూ కలిపితే చాలు, పొయ్యి వెలిగించే పనే లేదు. అలిగిన బతుకమ్మ నాడు అసలు నైవేద్యమే పెట్టరు. చివరి రోజు పేరే సద్దులు. సద్ది అంటే ముందుగా వండి, మూట కట్టి, వెంట తీసుకుపోయే తిండి. పొలానికి పోయేవారు కట్టుకుపోయినట్టే, సాయంత్రం ఆటకు పోయే ఆడవాళ్లు కట్టుకుపోయేది. అంటే ఆ పూట ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉండరన్న లెక్కతోనే ఆ తిండి ఏర్పడింది. ఐదు అన్నాలు చేయడం వల్ల మీకు ఆలస్యం కాలేదు. ఆ జాబితాలోకి సాయంత్రం వేడివేడిగా వేయవలసిన గారెలు వచ్చి చేరడం వల్ల అయింది. "తింటే గారెలే తినాలి" అన్న మాట నాకూ ఇష్టమే. అయినా సద్దుల నాటి సాయంత్రం గారెలకు తగిన వేళ కాదు. వాటిని దసరా మధ్యాహ్నానికి జరిపితే మటన్ పులుసులోకి ఇంకా బాగుంటాయి. అత్తమ్మతో మీరు చెప్పవలసిన మొదటి మాట ఇదే కావచ్చు: "గారెలు మానేయడం లేదు అత్తమ్మా, దసరా నాటికి జరుపుతున్నాను."

ఇక సద్దులు. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరి అన్నం, నువ్వుల అన్నం, పెరుగన్నం అనే ఐదూ ఐదు వంటలుగా కనిపిస్తాయి కానీ, నిజానికి ఒకే అన్నం, ఐదు కలుపులు. పద్నాలుగు మందికి, గట్టు మీద పదిమందికి పంచడానికి కూడా కలిపి, కిలోన్నర పాత సోనామసూరి సరిపోతుంది. అందులో 1,200 గ్రాములు పలుకుగా వండండి, కొలతకు రెండు కొలతల కన్నా కాస్త తక్కువ నీళ్లు. మిగిలిన 300 గ్రాములు పెరుగన్నం కోసం వేరుగా, మెత్తగా వండండి. పలుకన్నాన్ని వెడల్పాటి తాంబాళాల్లో ఆరబోసి, చెంచా నూనె చల్లి, నాలుగు భాగాలు చేస్తే మీ పనిలో సగం అయినట్టే.

కలుపుల్లో రెండింటిని ముందే చేసి పెట్టుకోవచ్చు. పులిహోర పులుసు నాలుగు రోజుల ముందే మరిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. 300 గ్రాముల బియ్యానికి 40 గ్రాముల చింతపండు చాలు. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో చిక్కటి రసం పోసి, ఉప్పూ పసుపూ వేసి, నూనె పైకి తేలేదాకా ఉంచాలి. ఇది మీ అత్తమ్మ పని. పొయ్యి ముందు ఎత్తైన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. గరిటె తిప్పుతూ, ఆ పులుసు ఎప్పుడు దించాలో వాసన చూసి చెప్పగలిగేది మీ ఇంట్లో ఆమే కదా. నువ్వుల పొడి వారం ముందే కొట్టి పెట్టుకోవచ్చు. 75 గ్రాముల నువ్వులను నూనె లేకుండా సన్నని సెగ మీద వేయించి, చిటపటలాడుతుండగానే దించి పళ్లెంలో పోయండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి. ఎండుమిర్చి పొడిలో కలపకుండా పోపులో వేసుకుంటే పిల్లల వాటా కారం లేకుండా తీయవచ్చు.

నిమ్మకాయ అన్నానికి ఆ పూట పోపు వేసి, పొయ్యి కట్టేశాకే రెండు మూడు కాయల రసం పిండాలి, రసం మరిగితే రుచి చెడుతుంది. కొబ్బరి అన్నానికి ఒక కాయ తురుమును పచ్చివాసన పోయేంతవరకు వేయిస్తే చాలు. పెరుగన్నాన్ని గోరువెచ్చగా ఉన్నప్పుడే పాలు పోసి మెదిపి, నాలుగు చెంచాల పెరుగు మాత్రమే కలిపితే రాత్రికి పులవకుండా కమ్మగా ఉంటుంది. కొబ్బరి అన్నం, పెరుగన్నం రెండూ పచ్చిమిర్చి లేకుండా చేసి, పెరుగన్నం మీద దానిమ్మ గింజలు చల్లితే పిల్లలకు వేరే వంట అక్కర్లేదు. పెద్దలు పక్కన ఊరమిరపకాయ నంజుకుంటారు.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఆశ్వయుజ మాసంలో కూడా మన దగ్గర పగటి ఎండ తక్కువేమీ కాదు. వేడి అన్నాన్ని మూత పెట్టి గంటల తరబడి వదిలేస్తే అందులో కొన్ని సూక్ష్మజీవులు పెరిగి విషాన్ని వదులుతాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకని అన్నాన్ని పలుచగా పరచి త్వరగా చల్లార్చాలి, ఆవిరి పూర్తిగా పోయాకే డబ్బాలకు ఎత్తాలి. పులుపు ఉన్న పులిహోర, నిమ్మకాయ అన్నం కాస్త ఓర్చుకుంటాయి. కొబ్బరి, పెరుగు ఓర్చుకోవు. ఆ రెంటినీ చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, చెరువుకు బయలుదేరేటప్పుడే తీయండి. నువ్వుల అన్నాన్ని కూడా చివర్లోనే కలపండి, పొడి ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

మలీద మీరు చేయకండి, పిల్లలతో చేయించండి. ఎనిమిది గోధుమ రొట్టెలు, 200 గ్రాముల బెల్లం తురుము, రెండు మూడు చెంచాల నెయ్యి, యాలకుల పొడి ఒక పెద్ద పళ్లెంలో వేసి, చేతులు కడిగించి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టండి. రొట్టె వేడిగా ఉండగానే తుంచి నలిపితే బెల్లం కరిగి వేళ్లకు పట్టుకుంటుంది, సగం వాళ్ల నోట్లోకి పోతుంది, అయినా పరవాలేదు. ముద్దలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతాయి. వాటిని అలాగే నైవేద్యం పెట్టండి. బెంగళూరు నుంచి ఏడాదికొకసారి వచ్చే పిల్లలకు ఈ పండుగ తమ వేళ్లకు అంటిన బెల్లంగా గుర్తుండిపోతే అంతకన్నా ఏం కావాలి?

దసరా నాటి సంగతికి వస్తే, మటన్, కోడికూర రెండూ ఎందుకో నాకు అర్థం కాలేదు. పద్నాలుగు మందికి రెండున్నర కిలోల మటన్ చాలు. ముందు రాత్రే ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచితే ముక్క మెత్తబడుతుంది. మర్నాడు కారం వేయకుండా ఉడికించండి. కుక్కర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు కాబట్టి రెండు విడతలు అవుతుంది. ఉడికాక పిల్లల ముక్కలూ కాస్త రసమూ పక్కకు తీసి, మిగిలినదానికి వేయించిన ఉల్లిపాయ, కారం, ధనియాల పొడి, గసగసాలు, కొబ్బరి ముద్ద చేర్చితే ఒకే వంటలో రెండు తరాల కూర తయారవుతుంది. బగారా అన్నం ఎలాగూ కారం లేని వంటే. గారెల పప్పు నాలుగు గంటలు నానబెట్టి ముందు రాత్రే రుబ్బుకోవచ్చు. ఉప్పు మాత్రం వేసేముందే కలపాలి, లేకపోతే పిండి నీరు విడుస్తుంది. గారెలు వేసే పని మీ భర్తకూ మరిదిగారికీ అప్పగించండి. ఒకరు తట్టి వేస్తే ఒకరు తీస్తారు. మొదటి వాయి వంకరగా వస్తుంది, నాలుగో వాయికి కుదురుతుంది.

మామయ్యగారి విషయంలో చాలామంది పాయసం ఒక్కటే మానిపిస్తారు. సద్దుల నాడు అసలు చిక్కు ఐదు రకాల అన్నం. "ఇదొక్కటి రుచి చూడండి" అంటూ ఐదుసార్లు వడ్డిస్తే అది ఐదు పూటల అన్నం అవుతుంది. ఆయన పళ్లెంలో ఒక్కోటి ఒక్క గరిటె చొప్పున, పక్కన ముద్దపప్పు, ఏదైనా కూర, పెరుగు ఎక్కువగా పెట్టండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవారికి పండుగ పూట భోజనం ఆలస్యం కావడం కూడా ప్రమాదమే. మీరందరూ చెరువు నుంచి వచ్చేదాకా ఆయనను ఆపకండి, వేళకు పెట్టేయండి. మాత్రల మార్పు ఏదైనా ఉంటే వారి డాక్టరునే అడగాలి.

పని పంపకంలో మీ ముందు మూడు దారులున్నాయి. అంతా ఇంట్లోనే, అయితే వారం పొడవునా విడగొట్టి చేయడం మొదటిది. ఇందులో అత్తమ్మకు అభ్యంతరం ఉండదు, రుచి మీ ఇంటిదే. కానీ ఏ రోజు ఏం చేయాలి, ఫ్రిజ్‌లో ఏది ఎక్కడ ఉంది, కొబ్బరికాయలు వచ్చాయా అన్న ఆలోచన మొత్తం మీ తల మీదే ఉంటుంది. పైగా బ్యాంకుకు ఒక పూటైనా సెలవు పెట్టాలి. ఈ దారి ఎంచుకుంటే ఏ రోజు ఏ పనో కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించండి, ఒక్కో పని పక్కన ఒక్కో పేరు ఉండాలి.

రెండోది, వచ్చేవాళ్లు తలా ఒకటి తేవడం. గట్టు మీద సద్దులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే పండుగలో ఇది కొత్తేమీ కాదు. మీ యారాలికి ఇంతమందికి వండడం రాకపోవచ్చు, ఆ మాట నమ్మండి. కానీ నువ్వుల పొడి కొట్టి సీసాలో తేవడం, కొబ్బరి తురమడం, బతుకమ్మ పేర్చడం వచ్చు కదా. తంగేడు, గునుగు, బంతిపూలు వరుసలు వరుసలుగా పేర్చడానికే ఒక పూట పడుతుంది. అది పూర్తిగా ఆమెకు వదిలేస్తే మీకు పెద్ద భారం దిగుతుంది. "నీకు ఏది వీలవుతుంది?" అని అడిగితే ఆమె "ఏదైనా సరే అక్కా" అని మళ్లీ ముందుగదిలోకి వెళ్లవచ్చు. "ఈ రెండింటిలో ఏది చేస్తావు?" అని అడగండి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పని చేయించడం అత్తమ్మకు నచ్చకపోవచ్చు కాబట్టి, ఆ మాట మీరు కాక మీ భర్త తన చెల్లెలితో చెప్పడం మంచిది. ఆయన ఒప్పుకోకపోతే ఈ దారి సగమే తెరుచుకుంటుంది. అందుకని ముందు ఆయనతోనే మాట్లాడండి.

మూడోది, దసరా పూటకు వంటమనిషిని పెట్టుకోవడమో, గరిజెలూ మురుకులూ బయట కొనడమో. డబ్బు ఖర్చవుతుంది, ఒళ్లు మిగులుతుంది. నైవేద్యం పెట్టే సద్దులకు బయటి చేయి అత్తమ్మ ఒప్పుకోకపోవచ్చు కానీ దసరా మటన్‌కు అంత పట్టింపు ఉండకపోవచ్చు. అయితే బయటి పిండివంటలు పల్లీనూనెలో వేగి ఉండవచ్చు, పల్లీపట్టీల పక్కనే ఉండవచ్చు. మీ ఇంటికి వచ్చే బాబు దృష్ట్యా ఈ దారిలో నాకు ధైర్యం చాలదు. నేనైతే మొదటిదీ రెండోదీ కలిపి వెళతాను. మీ ఇంటి మనుషులు మీకే బాగా తెలుసు కాబట్టి ఎంపిక మీదే.

ఈ ఏడు కూడా ఏమీ అనకుండా ఊరుకుంటే వచ్చే ఏడు జాబితాకు మరొకటి చేరుతుంది. సద్దుల సాయంత్రం అలసటలో అందరి ముందూ గొంతు పెంచితే మిగతాదంతా మరిచిపోయి ఆ ఒక్క మాటే అందరికీ గుర్తుంటుంది. ఎంగిలిపూల నాడు, ఇల్లు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, అత్తమ్మ పక్కన కూర్చుని చెప్పండి. నిరుడు డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడిన సంగతి ఆమెకు తెలుసో లేదో. తెలియకపోతే చెప్పండి, ఫిర్యాదుగా కాదు, జరిగింది జరిగినట్టుగా. ఆమె కూడా ఒకప్పుడు అలా నిలబడి ఉండవచ్చు. వెంటనే ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. ఒక్క గారెలను జరపడానికి ఒప్పుకున్నా ఈ ఏటికి మీరు పాటలోకి చేరుకుంటారు.

చివరగా పల్లీల సంగతి, ఇది అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది. పులిహోరలో పల్లీలు ఏరి పక్కన పెట్టి ఆ బాబుకు పెట్టడం సరిపోదు, ముక్క తగిలిన నూనె కూడా ప్రమాదం తేవడానికి చాలు. అంత తీవ్రంగా పడని బిడ్డ ఉన్నప్పుడు ఆ నాలుగు రోజులూ ఇంట్లోకి పల్లీలు రానివ్వకండి. పోపులో శనగపప్పు వాటా పెంచండి, పల్లీనూనె బదులు పొద్దుతిరుగుడు నూనె వాడండి. మిక్సీ జారును వేడినీళ్లతో సబ్బుపెట్టి కడిగాకే నువ్వులు పొడి చేయండి, లేదా రోట్లో దంచండి. గట్టు మీద పక్కవాళ్లు పంచే సత్తుపిండి, పల్లీల పొడి బాబు చేతిలో పడకుండా ఒక పెద్ద మనిషి వెంట ఉండాలి. పల్లీలు పడని పిల్లల్లో కొందరికి నువ్వులు కూడా పడవు, జీడిపప్పు కూడా పడకపోవచ్చు. నువ్వుల అన్నం ఉంచాలా, దాని బదులు మరొకటి చేయాలా అన్నది బాబుకు అవి పడతాయా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది. డాక్టరు ఏయే పదార్థాలు వద్దన్నారో, అత్యవసరానికి ఏ మందు ఇచ్చారో, అది వెంట తెస్తున్నారో ఈ వారమే మీ ఆడబిడ్డకు ఫోన్ చేసి కనుక్కోండి.